బాగున్నవాళ్లకే మందు

మా మరిది ఓబులేసు చేతిలో పడిన కుంటివాడు నడుస్తాడో లేదో నేను చెప్పలేను గానీ, నడిచేవాడు మాత్రం కచ్చితంగా కుంటుతాడు. వికలాంగుల పింఛను క్యాంపు వస్తోందని తెలిస్తే చాలు, మా వీధిలో తర్ఫీదు మొదలవుతుంది. ఎడమకాలు ఎలా ఈడ్చాలి, చెయ్యెత్తమంటే ఎక్కడిదాకా ఎత్తి అబ్బా అనాలి, చెవిటివాడు వెనకనుంచి పేరు పెట్టి పిలిచినా ఎలా తిరక్కుండా నిలబడాలి, అన్నీ దగ్గరుండి నేర్పుతాడు. పక్కింటి సోమన్నకు పింఛను మంజూరై ఏళ్లయింది, ఆ కుంటు మాత్రం వదల్లేదు. ఇప్పుడు మానేస్తే జనం ఏమనుకుంటారోనని ఆయన భయం.

అలాంటి ఓబులేసు నా క్యాన్సర్ సంగతి తన భుజాన వేసుకున్నాడు.

నా పేరు ఉరుకుందమ్మ. మాది ఎమ్మిగనూరు దగ్గర నేతపని చేసే ఊరు. నేనూ మా ఆయన బొజ్జన్నా చెరొక మగ్గం మీద నూలు చీరలు నేస్తాం. రెండేళ్ల కిందట నాకు గర్భసంచి తీసేసి, కరెంటు పెట్టి, అదే రేడియేషను, ఇక నిశ్చింతగా ఉండమ్మా అని పంపించారు. నిశ్చింతగానే ఉన్నాను. పోయిన ఎండాకాలం పొత్తికడుపులో నొప్పి మొదలైతే స్కానింగు తీసి, జబ్బు తిరగబెట్టిందన్నారు. అసలు గర్భసంచే లేనిదానికి గర్భసంచి క్యాన్సర్ ఏమిటని మా ఆయన డాక్టరుతో చాలాసేపు వాదించాడు. వాదనలో మా ఆయనే గెలిచాడు. గడ్డలు మాత్రం నా కడుపులోనే ఉన్నాయి.

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. పేరు చెప్పను, చెబితే ఓబులేసు అక్కడికి ఇంకా నలుగురిని తోలుకుపోతాడు. పెద్ద డాక్టరు మంచివాడే. నెమ్మదిగా చెప్పాడు. మామూలు మందు ఒక్కటే ఇస్తే పెద్దగా ఆశ లేదు. దాంతో కలిపి ఇచ్చే కొత్త మందు ఒకటి వచ్చింది, దాన్ని ఇంకా పరీక్షిస్తున్నారు. ఒళ్లు ఎంత మోతాదు దాకా తట్టుకుంటుందో ముందు తెలియాలి. అందుకని మొదటి జట్టుకు తక్కువగా ఇచ్చి చూస్తారు. వాళ్లకు ఇబ్బంది లేకపోతే తర్వాతి జట్టుకు పెంచుతారు. పని చేస్తుందని మాట ఇవ్వలేను అని కూడా అన్నాడు. ఇంత చెప్పినా ఓబులేసు చెవిలో పడింది ఒకటే ముక్క.

"మొదటి జట్టులో ఎంతమందికి సార్?"

"కొద్దిమందికే."

ఓబులేసు కళ్లు మెరిశాయి. కొద్దిమందికే ఇచ్చేది ఏదైనా సరే, అది మనకు రావాలి. ఇళ్ల స్థలమైనా అంతే, విషమైనా అంతే. బస్టాండులో నాకు సోడా ఇప్పించి మరీ పాఠం చెప్పాడు.

"వదినా, ఇది ఒక స్కీము అనుకో. స్కీములో అర్హులుంటారు, అనర్హులుంటారు. బాగలేదంటివా, ఆ పొద్దే నీ పేరు కొట్టేస్తారు. మనం పింఛనుకు పోతే నీరసంగా పోవల్ల. దీనికి పోతే హుషారుగా పోవల్ల. అంతే తేడా."

"క్యాన్సరు వచ్చినోళ్లు హుషారుగా ఎట్లుంటారప్పా?" అన్నాను.

"అది నాకిడిసిపెట్టు."

మా ఆయన ఏమీ అనలేదు. అనడు. వాదించే శక్తి అంతా గర్భసంచి విషయంలోనే అయిపోయింది.

మందు ఎక్కించే ముందు నా ఒప్పుకోలును వీడియో తీయాలన్నారు. మోసం జరగకుండా ఉండడానికట. ఓబులేసు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని వచ్చాడు. ఎవరి ఒప్పుకోలో కెమెరాకు కూడా అనుమానం వచ్చి ఉంటుంది. డాక్టరు ఒక కట్ట కాగితాలు పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. వాంతులు కావచ్చు, రక్తం తగ్గవచ్చు, చేతులు కాళ్లు మొద్దుబారవచ్చు, ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే చెప్పాలి, చెబితే మోతాదు తగ్గించి చూస్తాం, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. పెళ్లిలో అయ్యవారు మంత్రాలు చదివినట్టు ఒకే ఊపున చదివాడు. పెళ్లిలో మంత్రాలు ఎవరు వింటారు? నేను కెమెరా అద్దంలో నా మొహం ఎట్లా ఉందో చూసుకుంటున్నాను. ఓబులేసు కాలరు సర్దుకుంటున్నాడు.

"అర్థమైందా అమ్మా?"

"అయింది సార్" అన్నాడు ఓబులేసు.

"ఆమె చెప్పాలి."

"అయిందని చెప్పు వదినా."

"అయింది సార్" అన్నాను. ఓబులేసు తల అడ్డం వచ్చిందని మళ్లీ తీశారు. రెండోసారి కూడా నాకు అర్థమైంది.

ఇక జుట్టు సంగతి. ఈ మందుకు జుట్టు ఊడిపోతుందని తెలియగానే ఓబులేసుకు ఇంకో ఆలోచన వచ్చింది. ఎట్లాగూ పోయే జుట్టే, ఆసుపత్రి చీపురుకు ఇచ్చేబదులు ఉరుకుంద ఈరన్నస్వామికి ఇస్తే మొక్కు తీరుతుంది, పుణ్యమూ వస్తుంది. నాకు ఆ స్వామి పేరే పెట్టారు కాబట్టి కాదనలేకపోయాను. గుండు చేయించుకుని, తలమీద కొంగు కప్పుకుని మొదటి విడత మందుకు పోయాను. తర్వాతి విడతలో ప్రణీత అనే సిస్టరు ప్రశ్నలు అడిగింది. ఆ పిల్ల కంప్యూటరులోంచి కళ్లు తీయదు.

"జుట్టు రాలుతోందా అమ్మా?"

"ఒక్క ఎంటిక రాల్లేదు మేడమ్" అన్నాడు ఓబులేసు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పిల్ల టకటకా కొట్టేసింది. ఆ మందుకు జుట్టు రాలదని ఏ దేశంలోనో ఎవరో చదువుకుని సంతోషపడుతూ ఉంటారు.

"వాంతులు?"

"లేవు మేడమ్."

"చేతులు కాళ్లు ఏమైనా మొద్దుబారాయా?"

"లేదు మేడమ్. బాగుండాది."

అప్పటికి నిజంగానే లేదు. మా ప్రాంతంలో ఎట్లుండావని అడిగితే బాగుండానని చెప్పడం మర్యాద. మంచానపడి ఉన్న మనిషి కూడా ముందు బాగుండానని చెప్పి, తర్వాత మూలుగుతాడు. ఆ మర్యాదకు ఓబులేసు తర్ఫీదు తోడైంది.

రెండో విడత తర్వాత మొదలైంది. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాను. పోగు తెగింది. ఇది మాకు కొత్తా ఏమిటి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోగులు తెగుతూనే ఉంటాయి. కళ్లు ఎక్కడో పెట్టుకుని, నోటితో ఎవరినో తిడుతూ, వేళ్లతో అతికేస్తాం. ఆ రోజు వేళ్ల మధ్య పోగు ఉందో లేదో తెలియలేదు. కళ్లు దించి చూస్తే ఉంది. మెలిపెట్టాను అనుకున్నాను. చూస్తే కింద పడిపోయి ఉంది. నా వేళ్లకు ఎవరో గుడ్డ చుట్టినట్టుంది. కాలికింద పలక తొక్కానో లేదో కూడా చప్పుడు విని తెలుసుకోవాల్సి వచ్చింది.

నాకు ఆస్తి అంటే ఈ వేళ్లే. మా అత్త నన్ను కోడలిగా ఎంచుకున్నది నా మొహం చూసి కాదు, అతికిన పోగు చూసి. గర్భసంచి తీసేసినప్పుడు నాకు పెద్ద బాధ కలగలేదు, దాని పని ఎప్పుడో అయిపోయింది. జుట్టు పోయినప్పుడూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం గుంతలో కూర్చుని ఏడ్చాను. మా ఆయన తన మగ్గం ఆపి, వచ్చి, నా పోగులు అతికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నా మగ్గం మీద పోగు తెగితే ఆయనే వస్తాడు. నాకు సిగ్గుగా ఉండేది, కోపంగానూ ఉండేది.

ఓబులేసుతో చెప్పాను. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

"వదినా, ఒక మాట చెప్పు. నీకు చేతి ఏళ్లు కావల్నా, పానం కావల్నా?"

"రెండూ కావల్లప్పా."

"స్కీములో రెండియ్యరు."

మా ఆయన వైపు చూశాను. "వాడు చెప్పేదీ నిజమే కదా ఉరుకుందీ. మందు ఆపేస్తే ఎట్ల?" అన్నాడు. ఆయన గొంతులో భయం ఉంది. నాకూ భయమే. బతకాలని నాకు ఆశ లేదని ఎవరన్నారు?

అంతటితో మళ్లీ తర్ఫీదు. జీవితమంతా జనానికి కాలు ఈడ్చడం నేర్పిన మనిషి, నాకు నేల చూడకుండా తిన్నగా నడవడం నేర్పాడు. డాక్టరు కళ్లు మూసుకోమని వేళ్లు ముట్టుకుని, ఏ వేలో చెప్పమంటాడని ఎవరిదగ్గరో విని వచ్చి, దానికీ ఉపాయం కనిపెట్టాడు. ఓబులేసు నా వెనక నిలబడి దగ్గుతాడు. ఒక దగ్గుకు బొటనవేలు, రెండు దగ్గులకు చూపుడువేలు, అట్లా చిటికెనవేలి దాకా. వీధి అరుగు మీద సాధన చేశాం. సోమన్న కుంటుకుంటూ వచ్చి చూసి, శానా బాగొచ్చిందని మెచ్చుకుని పోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు నిజంగానే కళ్లు మూసుకోమన్నాడు. ఓబులేసు దగ్గాడు, నేను చెప్పాను. అన్నీ సరిపోయాయి. చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి పాపం అతనికి గొంతు పట్టేసి నిజం దగ్గే వచ్చింది. డాక్టరు నా చెయ్యి వదిలేసి అతని వైపు తిరిగాడు.

"మీకు ఈ దగ్గు ఎప్పటినుంచి? అశ్రద్ధ చేయకండి. కింద ఎక్స్‌రే తీయించుకోండి."

ఓబులేసు ఎక్స్‌రే తీయించుకోవాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయట. పదిమంది ఉన్న గదిలో ఆ రోజు డాక్టరుకు జబ్బు అనుమానం వచ్చింది బాగున్నవాడి ఒక్కడి మీదే.

ఆ తర్వాతి విడతకు పోయినప్పుడు నా పక్క మంచం మీద యశోద అనే ఆమె ఉంది. రాయచోటి మనిషి, నాకంటే చిన్నది, ఇంట్లో మిషను కుడుతుందట. ఆమెది రెండో జట్టు. మొదటి జట్టులో ఉన్న మేమంతా బాగున్నామన్నాం కదా, అందుకని ఆమెకు పెంచిన మోతాదు ఇస్తున్నారు. ఆమె మొగుడు ఓబులేసుకు తగ్గ శిష్యుడు. ఇద్దరూ వరండాలో కలిసి టీ తాగుతూ స్కీముల గురించి మాట్లాడుకుంటారు.

"ఎట్లుండావ్ యశోదా?" అన్నాను.

"బాగుండానక్కా. నువ్వో?"

"బాగుండా."

ఆమె లేచి బాత్రూమ్‌కు పోయింది. నడక బాగానే ఉంది, తర్ఫీదు ఇచ్చిన నడక నాకు తెలుస్తుంది. సగం దూరంలో ఆమె కుడికాలి చెప్పు జారి అక్కడే ఉండిపోయింది. ఆమె ఆగలేదు. ఒంటి చెప్పుతో తలుపు దాకా పోయింది, లోపలికి పోయింది, తిరిగి వచ్చి మంచం ఎక్కింది. కాలికి చెప్పు ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

నేను బాగుండానన్నాను, ఆమెకు మందు పెంచారు. నా నోటితో నేనే ఆమె కాళ్లలోకి ఆ మందు ఎక్కించాను. ఇదేమీ పింఛను కాదు, ప్రభుత్వం సొమ్ము పోయిందిలే అనుకోవడానికి. అబద్ధం ఆడింది నేను, దాని ధర కట్టింది ఈమె. ఓబులేసు మీద వచ్చినంత కోపం నాకు క్యాన్సరు మీద కూడా రాలేదు.

అప్పుడే డాక్టరు వచ్చాడు. ప్రణీత కంప్యూటరు బల్ల తోసుకుంటూ వెనకే వచ్చింది. ఓబులేసు, మా ఆయన, యశోద మొగుడు కూడా లోపలికి వచ్చి నిలబడ్డారు. డాక్టరు మంచి ఉత్సాహంలో ఉన్నాడు.

"మందును అందరూ చక్కగా తట్టుకుంటున్నారు. వచ్చే జట్టుకు ఇంకొంచెం పెంచబోతున్నాం. ఏమ్మా ఉరుకుందమ్మా, బాగున్నావు కదా?"

"లేదు సార్. బాగలేను."

ఓబులేసు దగ్గు అందుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, అన్ని వేళ్లూ వరసగా దగ్గేశాడు.

"దగ్గొద్దప్పా" అన్నాను. "నా ఏళ్లు మొద్దుబారిపోయినాయి సార్. పోగు పట్టుకుంటే తెల్దు. ఆ పొద్దు మీరు ఏళ్లు ముట్టుకుంటే ఈయప్ప ఎనక నుంచి దగ్గి చెప్పినాడు. జుట్టు రాల్లేదని రాసుకున్నారే, రాలేదానికి ఉంటే కదా సార్?" అని కొంగు తీసి చూపించాను.

ప్రణీత మొదటిసారి కంప్యూటరులోంచి తలెత్తి నా గుండు చూసింది.

డాక్టరు మొహం ఎర్రబడింది. "ఎప్పటినుంచమ్మా ఇది? ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాం కదా, ఎందుకు చెప్పలేదు?"

"అడిగినారు సార్. మీరు కంప్యూటర్ని చూస్తా అడిగినారు. నేను ఓబులేసును చూస్తా చెప్పినా."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి యశోద వైపు తిరిగి, "నీకమ్మా?" అన్నాడు.

యశోద తన మొగుడి వైపు చూసింది. "నాకేం లేదు సార్. నేను బాగుండా." తర్వాత గొంతు తగ్గించి నాతో, "నువ్వు కావాలంటే పేరు కొట్టేపించుకో అక్కా. నన్నెందుకు ఈడుస్తాండావు? నాకు చిన్న పిల్లోళ్లుండారు" అంది.

"నీ కుడికాలి చెప్పు యాడుండాది యశోదా?"

ఆమె వంగి కాళ్లు చూసుకుంది. గది మధ్యలో పడి ఉన్న చెప్పును చూసింది. మళ్లీ కాలిని చూసింది. ఆ కాలు తనది కాదన్నట్టు రెండు చేతులతో పట్టుకుని బోరుమంది. ఆమె మొగుడు పోయి చెప్పు తెచ్చి తొడిగాడు. తొడిగినట్టు కూడా ఆమెకు తెలియలేదేమో, అట్లాగే పట్టుకుని ఏడుస్తూ ఉంది.

డాక్టరు మగవాళ్లందరినీ బయటికి పంపించి తలుపు వేయించాడు. ఆ వార్డులో ఉన్న ఆడవాళ్లందరినీ మొదటిసారి ఒక్కొక్కరినీ మొహం చూసి అడిగాడు. ఇక చూడాలి. ఒకామెకు నోరంతా పుండ్లు, ఇంకొకామె రాత్రిళ్లు గుమ్మం పట్టుకుని నిలబడుతుంది, మరొకామెకు సూది కనబడినా చేతికి దొరకదు. అందరూ బాగున్నవాళ్లే. ప్రణీత వేళ్లు నొప్పిపుట్టేదాకా కొట్టింది. వచ్చే జట్టుకు మందు పెంచడం ఆపేశారు.

"నా పేరు కొట్టేస్తారా సార్?" అని అడిగాను.

"ఎందుకు కొట్టేస్తాం? మోతాదు తగ్గిస్తాం, కొన్నాళ్లు ఆగి ఇస్తాం. మొదటిరోజే చదివి వినిపించాం కదమ్మా. ఈ పరీక్ష పెట్టిందే మీకు ఏమవుతుందో తెలుసుకోవడానికి."

"అంతేనా?"

"అంతే. మొదట్లోనే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఇప్పుడు స్పర్శ వస్తుందా? ఏళ్లలోకి?"

ఆయన ఈసారి కంప్యూటరు వైపు చూడలేదు. నా వైపే చూసి చెప్పాడు. "కొందరికి నెమ్మదిగా వస్తుంది. కొందరికి రాదు. నీకు ఎట్లా అవుతుందో నేను చెప్పలేను."

కడుపులో గడ్డలు పెరగలేదట, తగ్గలేదట. అది కూడా మంచి కబురేనన్నాడు. నేను తలూపాను.

బయటికి వస్తే ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తిడదామనుకున్నాను. అతను నా మొహం కూడా చూడకుండా, "పేరుండాదా?" అన్నాడు.

"ఉండాది."

"కొట్టేయలేదా? బాగలేదన్నా ఉంచుకుంటారా?" కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే వదినా, తిమ్మిర్లు వచ్చినోళ్లకు కంపెనీవాళ్లు నష్టపరిహారమేమన్నా ఇస్తారేమో కనుక్కుంటా ఉండు" అని ప్రణీత గది వైపు పోయాడు. పోతూ పోతూ కుడిచెయ్యి కొంచెం వేలాడేసి చూసుకున్నాడు. ఇలాంటి మనిషిని తిట్టడానికి ఏ భాషలోనూ మాట లేదు. అతన్ని అక్కడే వదిలేసి మేమిద్దరం బస్సెక్కాం.

కిటికీ పక్కన కూర్చున్నాను. మా ఆయన నా పక్కన కూర్చుని ముందు సీటు కమ్మీని చూస్తూ ఉన్నాడు. ఆయన ఏమైనా అంటాడేమోనని చూశాను. ఇన్నేళ్లలో నలుగురిలో నన్ను పేరు పెట్టి పిలవడానికే మొహమాటపడే మనిషి. బయట ఎండిన చేలు, రాళ్లు, మళ్లీ చేలు. వాటినే చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పినందుకు ఒళ్లు తేలికగా ఉంది, కానీ లోపల ఏడుపు అట్లాగే ఉంది. మగ్గం మీద సగం చీర మిగిలి ఉంది, దాన్ని ఎవరితో పూర్తి చేయించాలా అని ఆలోచిస్తున్నాను.

కొంగు జారితే సర్దుకుందామని కళ్లు దించాను. నా చెయ్యి మా ఆయన చేతిలో ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే నిమురుతున్నాడు.

"ఎప్పుడు పట్టుకున్నావు?" అన్నాను.

"కోడుమూరు కాడ" అన్నాడు.

కోడుమూరు ఎప్పుడో వెనకపడింది, బస్సు అప్పటికే గోనెగండ్ల కూడా దాటింది.